లడ్ల బోర్డు దిద్దబోయాం

ఊళ్లు చూడ్డానికి వెళ్లేవాళ్లుంటారు, దేవుణ్ణి చూడ్డానికి వెళ్లేవాళ్లుంటారు. మేం ఒక అక్షరదోషాన్ని దర్శించుకోవడానికి వెళ్లాం.

మాది ‘తప్పుల తడక’ అనే ఆన్‌లైన్ గ్రూపు. దుకాణాల బోర్డుల మీద, గోడల మీద, పెళ్లి కార్డుల మీద కనిపించే తప్పుల్ని ఫొటో తీసి పెట్టుకుని నవ్వుకోవడం మా పని. ఇదీ ఒక పనేనా అని మా ఆయన అడుగుతూనే ఉంటారు. గుడివాడలో నాకు మందుల షాపు ఉంది. రోజంతా డాక్టర్ల రాత చదివే మనిషికి, సాయంత్రమయ్యేసరికి ఎవరి రాతలోనైనా తప్పు పట్టాలనిపించడం సహజం.

ఈ గ్రూపు పుట్టుక గురించి చెప్పాలి. పదేళ్ల కిందట మా అధ్యక్షులు సోమయాజులు మాస్టారు తెనాలి నుంచి భద్రాచలం వెళ్తూ, బస్సు కిటికీలోంచి ఓ దుకాణం బోర్డును ఫొటో తీశారు. కదిలే బస్సు కాబట్టి బోర్డు సగమే పడింది. పడిన సగంలో ‘ఇప్ప లడ్లు’ అనీ, దాని కింద ఫోన్ నంబరూ ఉన్నాయి. మాస్టారు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. “ఇప్పుడు అని రాయడం రాదు గానీ లడ్లు చేస్తారట. ఇప్పుడు లడ్లు సరే, రేపు దొరకవా?” అని రాసి పెట్టారు. ఆ నవ్వులోంచే గ్రూపు పుట్టింది. అప్పట్నుంచి ఎవరు ఏ తప్పు పట్టుకొచ్చినా, దాని కింద ‘ఇప్ప లడ్లు’ అని రాయడం మా ఆచారం.

మీలో కొందరు ఇప్పటికే ముసిముసిగా నవ్వుతున్నారని నాకు తెలుసు. వేలమందిమి ఉండి మాకు పదేళ్లు పట్టింది, మీరు పది పేరాలు ఆగలేరా?

పదో పుట్టినరోజుకు మాస్టారు సంకల్పం చెప్పారు. మన మూలాల్లోకి మనం వెళ్లాలి, ఆ బోర్డు ఎక్కడుందో వెతకాలి, ఆ దుకాణం వాళ్లకు తప్పు దిద్దిన కొత్త బోర్డు కానుకగా ఇవ్వాలి. ఫొటోలోని నంబరుకు ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తింది. పేరు సమ్మక్క. పాల్వంచ దాటాక భద్రాచలం పోయే అడవి దారిలో దుకాణం. గ్రూపు పెద్దలందరం ఎవరింట్లో వాళ్లం కాన్ఫరెన్స్ కాల్లో విన్నాం.

“పాత బోర్డు ఇంకా ఉందామ్మా?” అని అడిగారు మాస్టారు.

“ఉన్నది సారు. రంగు పోయింది. దాని మీద ఏం రాసుందో నాకే కనబడతలేదు.”

“మేం పెద్దది, కొత్తది చేయించి తెస్తాం. నువ్వేం ఇవ్వక్కర్లేదు.”

“మంచిది సారు. నవమి ముంగటే తేండ్రి. కల్యాణానికి పోయే బండ్లు ఆగితెనే మాకు ఏడాదంత గడుస్తది.”

బోర్డు మీద ఏం రాయిస్తున్నారని ఆవిడ అడగలేదు. లడ్లమ్మే మనిషి బోర్డు మీద ఇంకేం రాస్తారులే అనుకుని ఉంటుంది.

ఎర్రుపాలెం దాటాక

విజయవాడలో రైలెక్కాను. ఎర్రుపాలెం దగ్గర రాష్ట్రం మారుతుంది గానీ కిటికీలోంచి చూస్తే ఏమీ మారదు. అవే మిరప కల్లాలు, అవే పత్తి కట్టెలు, అదే ఎండ. మారేది మాట. మధిరలో ఎక్కిన ఒకామె నా పక్కన కూర్చుని, కొంగులోంచి వేయించిన పల్లీలు తీసి నా చేతిలో పోసింది. మావైపు రైల్లో పక్కవాళ్లిచ్చింది తినకూడదని పిల్లలకు నేర్పుతాం. ఇక్కడ తినకపోతే కోపమొస్తుందట.

“యాడికక్కా ప్రయాణం?” అని అడిగింది.

భద్రాచలం వైపు అన్నాను. రాముడి దగ్గరికా అంది. కాదు, ఒక బోర్డు మీద తప్పు ఉంది, దాన్ని చూడ్డానికి అన్నాను. చెప్తుంటే నాకే అదోలా అనిపించింది. ఆమె పల్లీలు నమలడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది.

“తప్పు చూసెటందుకు గంత దూరమెందుకక్కా? మా ఇంటాయన ఉన్నడు. వచ్చి చూసిపోండ్రి.”

ఖమ్మం వచ్చేదాకా ఆయనలో ఉన్న తప్పులన్నీ చెప్పింది. మా గ్రూపులో ఎవరూ అంత శ్రద్ధగా తప్పులు పట్టరు.

ఖమ్మంలో కేకు, ముదిగొండలో పచ్చిపులుసు

వార్షికోత్సవ సభ ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పదేళ్లుగా ఒకరినొకరు బొమ్మల్లోనే చూసుకున్న మనుషులం మొదటిసారి ఎదురుపడ్డాం. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నోరు తెరిస్తే తప్పు దొర్లుతుందని అందరికీ భయం. చివరికి హైదరాబాద్ నుంచి వచ్చిన కిరణ్ మమ్మల్ని కాపాడాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, మా గ్రూపు సాంకేతిక వ్యవహారాలన్నీ అతనివే. కేకు పెట్టె తెచ్చి మూత తీశాడు. కేకు మీద ‘వార్షికోస్తవ శుభాకాంక్షలు’ అని ఉంది.

హాలు దద్దరిల్లింది. అందరూ ఫోన్లు తీశారు. తర్వాత చర్చ మొదలైంది. ఇది నిజమైన తప్పా, కావాలని రాయించిన తప్పా? కావాలని రాయించినదైతే గ్రూపులో పెట్టడానికి పనికిరాదని ఒక పక్షం. తప్పు తప్పేనని ఇంకో పక్షం. కోసేస్తే సాక్ష్యం పోతుందని మూడో పక్షం. మార్చి నెల ఖమ్మం ఎండ ఏ పక్షానికీ చెందినది కాదు. తీర్మానం అయ్యేసరికి ‘స్త’ కరిగి పక్కకు జారింది. కేకును గరిటెతో వడ్డించారు.

సభలో కొత్త బోర్డు ఆవిష్కరణ కూడా జరిగింది. మంచమంత ఫ్లెక్సు. తెల్లటి నేల మీద ఎర్ర అక్షరాలతో ‘ఇప్పుడు లడ్లు లభించును’ అని ఉంది. పక్కన చేతులు జోడించిన మాస్టారి బొమ్మ. కింద ‘తప్పుల తడక బృందం సౌజన్యంతో’. దుకాణం పేరే తప్పుల తడక అనుకుంటారేమోనని నాకు సందేహం వచ్చింది గానీ, చప్పట్ల మధ్య ఎవరికి చెప్పను?

రాత్రి ముదిగొండలో ఒక సభ్యుడి ఇంట్లో దిగాం. వాళ్ల తాతగారు మా కృష్ణా జిల్లా నుంచే వచ్చి ఇక్కడ పొలం కొన్నారట. జొన్నరొట్టె, కోడికూర, అన్నంలోకి పచ్చిపులుసు. మావైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. చింతపండు పిసికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి అలాగే పోసుకుంటే నాకు మొదట ధైర్యం చాలలేదు. రెండో ముద్దకు గిన్నె నావైపు జరుపుకున్నాను. ఆ ఇంటి పెద్దావిడ నవ్వి, “మా మామ గూడ మొదట్ల గిట్లనే ముఖం పెట్టిండంట. తర్వాత చారు మాటెత్తలేదు” అంది.

టేకులపల్లిలో చాయ్

మర్నాడు కారు కిరాయికి మాట్లాడుకుని ముగ్గురం బయల్దేరాం. మాస్టారు, కిరణ్, నేను. మిగతావాళ్లు ఫోన్లో లైవ్ చూస్తామని చెప్పి ఇళ్లకు వెళ్లిపోయారు. మూలాల మీద ప్రేమ ఖమ్మం బస్టాండు దాకానే వచ్చింది.

ఇల్లెందు మీదుగా వెళ్తుంటే అడవి మొదలైంది. దారంతా మాస్టారు బోర్డు దగ్గర ఇవ్వబోయే ఉపన్యాసం మాకు వినిపించారు. “భాష తప్పితే జాతి తప్పుతుంది” అన్న వాక్యం ఆయనకు బాగా నచ్చింది. మళ్లీ మళ్లీ అన్నారు.

టేకులపల్లిలో చాయ్ తాగడానికి ఆగాం. చాయ్ పది రూపాయలు, చక్కెర మాత్రం ఇరవై రూపాయలకు సరిపడా ఉంది. హోటలాయన గాజు సీసాలోంచి ముదురు గోధుమరంగు లడ్లు తీసి ఒక్కో ప్లేటులో పెట్టాడు. కొరికితే ఖర్జూరంలా మెత్తగా ఉంది. నువ్వులు, పల్లీలు, బెల్లం తెలుస్తున్నాయి. వాటి వెనక ఇంకో తీపి ఉంది, నాకు తెలియనిది. షుగరున్న మాస్టారు కూడా రెండోది తీసుకున్నారు.

“దీన్లో ఏం వేశావయ్యా?” అని అడిగారు.

“ఇప్పపువ్వు సారు.”

“ఏ పువ్వు?”

“ఇప్పపువ్వు. చెట్టు కింద రాలుతది, పొద్దుగాల ఏరుకొచ్చి ఎండబెడ్తరు. ఇవి ఇప్ప లడ్లు. మీ దిక్కు దొరకవా?”

మాస్టారి చేతిలో లడ్డు అలాగే ఉండిపోయింది. ఇప్పసారా అన్న మాట నేను పేపర్లో ఎన్నిసార్లు చదివి ఉంటాను. ఆ ఇప్పా ఈ ఇప్పా ఒకటేనని ఒక్కసారి తట్టలేదు. మాస్టారు తప్పు అన్నారు కాబట్టి తప్పే.

కిరణ్ గబగబా ఫోన్లో గ్రూపు పాత పోస్టు తెరిచాడు. మొదటి ఏడాదే ఇద్దరు ముగ్గురు సభ్యులు ‘ఇప్ప అంటే చెట్టండీ’ అని రాశారు. ప్రతిదాని కిందా అధ్యక్షులవారి జవాబు ఉంది, ‘దయచేసి సరదా పాడుచేయకండి’ అని. వాళ్లెవరూ ఇప్పుడు గ్రూపులో లేరు. కిరణ్ అది చదివి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

కారు కదిలింది. మాస్టారు కిటికీ వైపు చూస్తూ అన్నారు.

“మధూకమనగా ఇప్ప చెట్టు. పర్యాయపదాల్లో ఏటా వచ్చే ప్రశ్న అది పద్మజా. సర్వీసంతా పిల్లల చేత వల్లె వేయించాను. రాయనివాడికి ఒక మార్కు కోశాను.”

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

“వెనక్కి పోదాం. కారు చెడిపోయిందని చెబుదాం. పాత బోర్డు ఎలాగూ ఉందిగా, అదే ఉండనీ” అన్నారు.

అదే మంచిదనిపించి సమ్మక్కకు ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది.

“యాడిదాక వచ్చిండ్రక్కా? పాతది పొద్దుగాలే ఊడబీకిన. గుంజలు పాతించిన, కొబ్బరికాయ తెచ్చి పెట్టిన. బండ్లు నిన్నటి సంది మొదలైనయ్. బోర్డు లేదని ఒక్కడు ఆగుతలేడు. జర జల్దీ రాండ్రి.”

స్పీకర్ పెట్టే ఉంది. కార్లో ముగ్గురం విన్నాం. నవమి ఇంక రెండు రోజులే. పదేళ్లు ఆవిడ రాతను చూసి నవ్వింది చాలక, ఇప్పుడు ఏడాది బేరానికి ఎసరు పెట్టాం. నాకు మా అందరి మీదా ఒళ్లు మండింది.

“ఏం ముఖం పెట్టుకుని వెళ్లను?” అన్నారు మాస్టారు.

“ముఖం ఫ్లెక్సు మీద ఉందిగా మాస్టారూ, అదే వెళ్తుంది. మనం వెనక నడుద్దాం” అన్నాను.

పాల్వంచ దాటాక

పాల్వంచ దాటాక దారి పక్కన చెట్ల కింద ఆడవాళ్లు వంగి బుట్టల్లోకి పువ్వు ఏరుతున్నారు. పాలిపోయిన పసుపు రంగులో, గుండ్రంగా, పువ్వు కంటే పండులా ఉంది. కారు అద్దం దించితే తియ్యటి మత్తువాసన. మాస్టారు కారాపించి దిగి, ఒక పువ్వు తీసి చూసి, జేబులో వేసుకుని మళ్లీ ఎక్కారు.

సమ్మక్క దుకాణం తాటాకు పందిరి. నలభై దాటిన మనిషి, చురుకైన కళ్లు. పందిరి ముందు రెండు గుంజలకు పసుపు రాసి బొట్లు పెట్టి ఉంచింది. బల్ల మీద లడ్ల డబ్బాలు, చింతపండు, తేనె సీసాలు. మా కళ్ల ముందే మూడు బండ్లు దూసుకుపోయాయి.

“పాత బోర్డు ఏదమ్మా?” అని అడిగారు మాస్టారు.

“మేకల దొడ్డికి తలుపు కొట్టించిన సారు. రేకు గట్టిగున్నది.”

మా గ్రూపు మూలం, మా పుణ్యక్షేత్రం, మేకల దొడ్డికి తలకిందులుగా వేలాడుతోంది. మాస్టారు మెడ పక్కకు వంచి చదివారు. వెలిసిపోయినా అక్షరాలు తెలుస్తున్నాయి. బస్సు కిటికీకి అందని మొదటి వరుసలో ‘అడవిల ఏరిన ఇప్పపువ్వుతోటి’ అని ఉంది. రెండో వరుసలో ‘ఇప్ప లడ్లు’. ఒక్క అక్షరం తప్పు లేదు. లోపలి నుంచి ఒక మేక ఆయన చొక్కా అంచు పట్టుకుని నమలసాగింది. ఆయన విడిపించుకోలేదు.

ఈలోగా కిరణ్ ఫ్లెక్సు విప్పాడు. సమ్మక్క దగ్గరికొచ్చి వేలితో చూపుతూ చదివింది.

“ఇప్పుడు... లడ్లు... లభించును.” ఆగి మళ్లీ చదివింది. “ఇప్పుడే ఏంది? రేపు దొరకవా?”

పదేళ్ల కిందట మాస్టారు వేసిన జోకు అది. అక్షరం పొల్లు పోలేదు. ఆవిడ పక్కనున్నామెతో కోయభాషలో ఏదో అంది, ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఏమన్నారో మాకు అర్థం కాలేదు, కాకపోవడమే మంచిదనిపించింది.

మాస్టారు ముందుకొచ్చారు. “కిరణ్, లైవ్ పెట్టావా?” అని అడిగారు.

“ఉంది సార్. ఆపనా?”

“వద్దు. అందరూ వినాలి.”

అని చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇప్ప అంటే ఏమిటో చెప్పారు. బోర్డులో తప్పు లేదనీ, తప్పంతా తన చదువులోనే ఉందనీ చెప్పారు. గ్రూపులోంచి తీసేసిన ఆ ఇద్దరు ముగ్గురికీ క్షమాపణ చెప్పారు. మధ్యలో “భాష తప్పితే” అని మొదలుపెట్టి ఆ వాక్యం వదిలేశారు. నిజం చెప్పొద్దూ, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పూర్తిగా వచ్చిందా?” అని అడిగారు చివర్లో.

కిరణ్ ఫోను తిప్పి చూసుకున్నాడు. “సార్, నెట్ సిగ్నల్ పాల్వంచలోనే పోయినట్టుంది.”

సమ్మక్కకు ఇవేవీ పట్టలేదు. “తప్పు గిప్పు తర్వాత చూసుకుందాం సారు. బండ్లు పోతున్నయ్. దీన్నేం చేద్దాం జెప్పు” అంది.

పాత రేకే పెడదామంటే రంగు వెలిసి రోడ్డు మీదికి కనబడదు. ఫ్లెక్సు తిప్పి కడదామంటే వెనక రాయడానికి రంగు లేదు. సున్నం పూద్దామంటే ఫ్లెక్సు మీద నిలవదు. చివరికి ఎదురుగా ఉన్న పంక్చరు షాపు సమ్మక్క కంటబడింది. అతన్ని కేకేసి ట్యూబు ముక్కలు, అతికించే జిగురు తెప్పించింది. రెండు ముక్కలు కావాలి. ‘ప్పు’ మీది కొమ్ముకు చిన్నది, ‘డు’కు పెద్దది. కొమ్ము ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో సరిగ్గా చూడకపోతే పక్క అక్షరం పోతుంది. ఆ పని తనే చేస్తానన్నారు మాస్టారు. స్టూలెక్కి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, పసిపిల్లాడు పలక దిద్దినట్టు అతికించారు. పదేళ్లుగా ఊళ్లోవాళ్ల కొమ్ములూ దీర్ఘాలూ విరిచిన మనిషి తన కొమ్ము తనే కప్పుకున్నారు.

కట్టాక దూరంగా నిలబడి చూశాం. ‘ఇప్ప’ తర్వాత ఒక నల్ల చుక్క, ఒక నల్ల డబ్బా, ఆపైన ‘లడ్లు లభించును’. సెన్సారువాళ్లు ఏదో బూతుమాట కొట్టేసినట్టుంది. పక్కన మాస్టారు చేతులు జోడించి నవ్వుతున్నారు. కింద తప్పుల తడక. ఇంత అన్యాయమైన బోర్డు మా గ్రూపు చరిత్రలోనే లేదు. సమ్మక్క కొబ్బరికాయ కొట్టింది గానీ, ఆవిడ ముఖంలో కూడా నమ్మకం కనిపించలేదు. మేం ఉన్నంతసేపూ ఒక్క బండీ ఆగలేదు. బలవంతాన లడ్ల డబ్బాలు మాకే అంటగట్టి పంపింది.

భద్రాచలంలో

గోదావరిలో కాళ్లు కడుక్కుని దర్శనానికి వెళ్లాం. వరుసలో జనం మాటలు వింటుంటే మా వైపు యాసలు, హైదరాబాద్ యాసలు, అడవి పల్లెల మాటలు అన్నీ కలిసిపోయాయి. ఎవరి మాటను ఎవరూ దిద్దడం లేదు. బయటికొచ్చి టిఫిన్ చేసిన హోటల్ బోర్డు మీద ‘ఇడ్డీ’ అని ఉంది. కిరణ్ ఫోను తీసి, మాస్టారి వైపు చూసి, మళ్లీ జేబులో పెట్టాడు. మాస్టారు సర్వరును పిలిచి, “బాబూ, ఇడ్డీ అంటే మీ దగ్గర వేరే ఏమైనా చేస్తారా?” అని ఎంతో మర్యాదగా అడిగారు.

“ఇడ్లీ సార్. పెయింటరు తప్పు రాసిండు” అన్నాడు అతను.

మాస్టారు తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు.

ఇంటికొచ్చాక

నవమి రోజు గ్రూపులో ఒక కొత్త సభ్యుడు ఫొటో పెట్టాడు. భద్రాచలం దారిలో కనిపించిందట. ‘ఇప్ప’ తర్వాత రెండు నల్ల మచ్చలు. ‘లడ్లలో ఏం దాచారో చెప్పిన వారికి బహుమతి’ అని రాశాడు. మా గ్రూపులో దేనికీ అన్ని నవ్వులు రాలేదు. మాస్టారు దాని కింద జరిగినదంతా రాశారు. ఇప్ప అంటే చెట్టని, మధూకమని, తప్పు తనదని. పేజీన్నర ఉంది. కాసేపటికే జవాబులొచ్చాయి. ‘సరదా పాడుచేయకండి సార్.’ ‘సార్ అకౌంటును ఎవరో హ్యాక్ చేసినట్టున్నారు.’

సాయంత్రం ఆయన నాకు ఫోన్ చేశారు. గొంతు బాగా దిగిపోయి ఉంది.

“వాళ్లు నవ్వితే నవ్వనీ పద్మజా. ఆవిడ బేరం ఏమైందో కనుక్కోవా? నాకు అడగడానికి మొహం చెల్లడం లేదు. మొత్తం లడ్లు మిగిలిపోతే నేనే తెప్పించుకుంటానని చెప్పు.”

నేను భయపడుతూనే చేశాను. అవతల హారన్లు, జనం గోల. సమ్మక్క అరిచినట్టు మాట్లాడుతోంది.

“లడ్లు ఒడిసినయక్కా. నిన్ననే ఒడిసినయ్. మా చెల్లె ఇంట్ల ఉన్నయ్ గూడ తెచ్చి అమ్ముతున్న. ఆ నల్లదాని కింద ఏమున్నదని ప్రతి బండి ఆగుడే. లడ్డు కొంటెనే చెప్త అంటున్న.”

మాస్టారు చాలా బాధపడుతున్నారని చెప్పాను.

“సారుకు బాధెందుకు?” అంది. అవతల ఎవరికో చిల్లర ఇచ్చి మళ్లీ ఫోన్లోకి వచ్చింది. “తేనె ఒక్కటే పోతలేదక్కా. దానికి గూడ ఒక బోర్డు రాసియ్యమను. తప్పు మాత్రం మంచిగుండాలె అని చెప్పు.”